ప్రోగ్రాం రాస్తే చాలదు, నిలబెట్టడం కూడా రావాలి

మన వసతి గృహంలో బి.టెక్., ఎం.సి.ఏ., బి.ఎస్సీ. కంప్యూటర్స్ చదివే విద్యార్థుల సంఖ్య ఏటేటా పెరుగుతోంది. జావా వచ్చినవారున్నారు, పైథాన్ వచ్చినవారున్నారు. అయితే తాము రాసిన ప్రోగ్రాంను ఇంకొకరి ఫోనులో పనిచేయించి, అర్ధరాత్రి అయినా, ఒకేసారి వెయ్యిమంది వచ్చినా పడిపోకుండా నిలబెట్టగలవారు ఎందరని అడిగితే మాత్రం వేళ్ళమీద లెక్కపెట్టవలసి వస్తుంది. ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు మన ల్యాప్‌టాప్‌లో నడుస్తుంది. వైవా రోజున ఎక్స్‌టర్నల్ గారి ముందు నడుస్తుంది. రికార్డుకు బైండింగు వేయించిన తరువాత ఇక ఎక్కడా నడవదు.

క్లౌడ్ మీద సర్వీసు ఆధారిత అప్లికేషన్లను డిప్లాయ్ చేయడం గురించి మన పుస్తకాలలో పాఠాలున్నాయి. బొమ్మ గీసి, ఐదు లాభాలు, ఐదు నష్టాలు రాస్తే మార్కులు కూడా వస్తున్నాయి. కానీ ఇది గట్టు మీద కూర్చుని ఈత నేర్చుకున్నట్లుగా ఉంది. ఈ లోటు గురించి, అది తీరే దారి గురించి మా అభిప్రాయాన్ని ఈ వార్షికోత్సవ సంచిక ద్వారా తోటి విద్యార్థుల ముందు, అధ్యాపకుల ముందు, అధికారుల ముందు ఉంచుతున్నాము.

మా మాట ఒక్కటే. డిప్లాయ్‌మెంట్ అనేది కంపెనీలో చేరిన తరువాత నేర్చుకోవలసిన పని కాదు, హాస్టల్లో ఉండగానే చేతితో చేసి నేర్చుకోవలసిన పని. అది మన ఉద్యోగాల కోసం మాత్రమే కాదు. మన కుటుంబాలకు అందే ప్రతి సేవా ఇప్పుడు ఆ పని మీదనే ఆధారపడి ఉంది.

మెస్సు లెక్కన చూస్తే

పెద్ద పెద్ద మాటలు విని భయపడవలసిన పని లేదు. మన మెస్సునే తీసుకుందాము. ఒక్క వంటమాస్టరు గారే అన్నం వండి, కూర చేసి, వడ్డించి, సరుకుల లెక్క కూడా రాస్తున్నారనుకోండి. ఇరవైమందికి అది చక్కగా సాగుతుంది. రెండు వందలమందికైతే, ఆయనకు ఒక్క రోజు జ్వరం వచ్చినా అందరికీ పస్తే. అదే పనిని పంచి, అన్నం ఒకరు, కూర ఒకరు, వడ్డన ఒకరు చూసుకుంటే కూర ఆలస్యమైనా మజ్జిగ అన్నంతో ఆ పూట గడుస్తుంది.

అప్లికేషను కూడా అంతే. అన్ని పనులనూ ఒకే ప్రోగ్రాంలో కట్టగట్టి పెడితే దానిని మోనోలిత్ అంటారు. ఒక్కొక్క పనికి ఒక్కొక్క చిన్న ప్రోగ్రాంను పెట్టి, అవి నెట్‌వర్కు ద్వారా ఒకదానితో ఒకటి మాట్లాడుకొనేలా చేస్తే అది సర్వీసు ఆధారిత అప్లికేషను. ఆ మాటలకు ముందుగా కుదుర్చుకున్న పద్ధతినే ఏపీఐ అంటారు.

మనకు బాగా తెలిసిన ఉపకారవేతనం దరఖాస్తునే చూడండి. లాగిన్ కావడం, ఆధార్ సరిచూడడం, కుల, ఆదాయ ధ్రువపత్రాలు సరిచూడడం, కళాశాల ఆమోదం, బ్యాంకు ఖాతాలో జమ. ఇవి ఒకే చోట జరిగే పనులు కావు. వేర్వేరు చోట్ల, వేర్వేరు శాఖల కంప్యూటర్లు ఒకదానినొకటి అడిగి తెలుసుకుంటేనే మన దరఖాస్తు ముందుకు కదులుతుంది. తెలుగు నేల మీద 2001లో ఈసేవ వచ్చింది. 2011లో మీసేవ వచ్చింది. 2025 జనవరిలో ఆంధ్రప్రదేశ్‌లో మన మిత్ర పేరుతో వాట్సాప్ ద్వారానే ప్రభుత్వ సేవలు మొదలైనాయి. ముందున్న కిటికీ మారుతూ వచ్చింది గాని, కిటికీ వెనుక పనిచేసేది మాత్రం ఈ సర్వీసుల వరుసే.

ఇక క్లౌడ్ అంటే ఆకాశంలో ఉండేది కాదు. ఎక్కడో ఒక పెద్ద భవనంలో వేలాది కంప్యూటర్లు పెట్టి, వాటిని గంటల లెక్కన, సెకన్ల లెక్కన అద్దెకివ్వడమే క్లౌడ్. అమెజాన్ సంస్థ 2006లో ఎస్3 పేరుతో నిల్వ చోటును, ఈసీ2 పేరుతో కంప్యూటర్లను ఇలా అద్దెకివ్వడం ప్రారంభించింది. గూగుల్ 2008లో యాప్ ఇంజన్‌ను తెచ్చింది. మైక్రోసాఫ్ట్ అజూర్ 2010లో వాణిజ్యపరంగా అందుబాటులోకి వచ్చింది. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2011లో క్లౌడ్‌కు ఐదు లక్షణాలు చెప్పింది. ఎవరినీ అడగకుండా మనమే తీసుకోగలగడం, నెట్ ఉన్నచోటి నుండి వాడుకోగలగడం, ఒకే సరంజామాను చాలామంది పంచుకోవడం, అవసరాన్ని బట్టి వెంటనే పెరగడం లేదా తగ్గడం, వాడినంతకే లెక్క కట్టడం. ఇంటికి కరెంటు మీటరు ఉన్నట్లే ఇక్కడ కూడా మీటరు తిరుగుతుంది. భారత ప్రభుత్వానికి కూడా మేఘరాజ్ అనే పేరుతో సొంత క్లౌడ్ కార్యక్రమం ఉంది. అందులో భాగమైన జాతీయ క్లౌడ్ 2014లో మొదలైంది.

ట్రంకు పెట్టె చెప్పే పాఠం

మనలో ప్రతి ఒక్కరూ హాస్టల్‌కు ఒక ట్రంకు పెట్టెతో వచ్చినవారే. కంచం, గ్లాసు, దుప్పటి, పుస్తకాలు, సబ్బు, తాళం అన్నీ అందులోనే ఉంటాయి. ఏ గది ఇచ్చినా, ఏ ఊరి హాస్టల్‌కు మార్చినా, పెట్టె తెరిస్తే చాలు, ఆ రోజు నుండే మన బతుకు మొదలవుతుంది. గదిలో ఏముంది, ఏం లేదు అని చూసుకోవలసిన పని లేదు.

ప్రోగ్రాంకు ఇటువంటి ట్రంకు పెట్టే కంటెయినర్. "మా కంప్యూటర్లో నడుస్తోంది సార్, ఇక్కడ ఎందుకు నడవడం లేదో తెలియడం లేదు" అనే మాట ప్రతి ల్యాబులోనూ వినిపిస్తుంది. దానికి కారణం చాలాసార్లు ప్రోగ్రాం కాదు, దాని చుట్టూ ఉండవలసిన లైబ్రరీలు, వెర్షన్లు, సెట్టింగులు. వాటన్నిటినీ ప్రోగ్రాంతోపాటు ఒకే పెట్టెలో సర్దితే, కంటెయినర్లను నడపగల ఏ సర్వరులోనైనా ఒకే తీరుగా నడుస్తుంది. 2013లో వచ్చిన డాకర్ ఈ పద్ధతిని అందరికీ సులభం చేసింది. పెట్టెలు వందలైనప్పుడు ఏ పెట్టె ఏ గదిలో పెట్టాలి, ఏది పాడైంది, దాని స్థానంలో మరొకటి ఎప్పుడు తెరవాలి అని చూడడానికి ఒక పర్యవేక్షకుడు కావాలి. గూగుల్ 2014లో బయటపెట్టిన కుబర్నెటిస్ ఆ పని చేస్తుంది. గ్రీకు భాషలో ఆ మాటకు ఓడ చుక్కాని పట్టేవాడు అని అర్థం.

మిగిలినవి కూడా మనకు కొత్తవి కావు. ప్రతి రాత్రి వార్డెన్ గారు తీసుకొనే హాజరు వంటిదే హెల్త్ చెక్. పలకని సర్వీసును పక్కకు పెట్టి దాని బదులు మరొకదానిని నిలుపుతారు. గేటు దగ్గర రాకపోకల రిజిస్టరు వంటిదే లాగ్. ఎవరు ఎప్పుడు వచ్చారు, ఏ పని ఎక్కడ ఆగిపోయింది అన్నది అందులో చూస్తేనే తెలుస్తుంది. వడ్డనలో రద్దీని రెండు వరుసలుగా విడగొట్టడం వంటిదే లోడ్ బ్యాలెన్సింగ్. పాస్‌వర్డును ప్రోగ్రాంలోనే రాసిపెట్టడం ఏటీఎం పిన్నును కార్డు వెనుక రాసుకోవడం వంటిది.

చివరి తేదీ రాత్రి

దరఖాస్తుకు చివరి తేదీ. సైటు తెరుచుకోదు. నెట్ సెంటరు ముందు కూర్చున్న అనుభవం మనలో చాలామందికి ఉంది. ఫీజు డబ్బులు ఖాతాలో నుండి పోయినా దరఖాస్తు నంబరు రాని అనుభవం కూడా ఉంది. అది ఏ సైటు, ఏ శాఖ అన్నది ఇక్కడ ముఖ్యం కాదు. "సర్వర్ బిజీ" అనే మాటను మనం వర్షం, ఎండ వంటి ప్రకృతి విషయంగా తీసుకుంటున్నాము. అది ప్రకృతి కాదు. దానికి కారణాలున్నాయి, వాటికి మందులూ ఉన్నాయి.

మొదటిది, రద్దీని బట్టి సర్వర్ల సంఖ్యను పెంచడం. క్లౌడ్‌లో ఇది కొన్ని నిముషాల పని. అయితే సర్వర్లు ఎన్ని పెంచినా అవన్నీ చివరకు ఒకే డేటాబేసును అడుగుతుంటే ఫలితం ఉండదు. గరిటెలు పది పెంచినా గిన్నె ఒక్కటే కదా! కనుక ఎక్కడ ఇరుకు ఉందో ముందే పరీక్షించి తెలుసుకోవాలి. రెండవది, దరఖాస్తును వెంటనే స్వీకరించి రసీదు నంబరు ఇచ్చి, ఆధార్, ధ్రువపత్రాల పరిశీలనను తరువాత తీరికగా చేయడం. దీనిని క్యూ పద్ధతి అంటారు. రేషన్ షాపులో టోకెన్ ఇచ్చి పంపించినట్లు. అప్పుడు అవతలి శాఖ సర్వీసు నెమ్మదిగా ఉన్నా, విద్యార్థికి గడువు పోదు. మూడవది, ఒకే బటన్‌ను రెండుసార్లు నొక్కినా ఒకే దరఖాస్తుగా, ఒకే చెల్లింపుగా లెక్కించడం. ప్రతి దరఖాస్తుకు మొదట్లోనే ఒక నంబరు కేటాయించి, ఆ నంబరు మీద చెల్లింపు జరిగిందో లేదో చూసుకుంటే ఇది సాధ్యమే.

ఈ మూడూ గొప్ప పరిశోధనలు కావు, తెలిసిన పద్ధతులే. పల్లెలో ఒక్క గీత సిగ్నలుతో, పాత ఫోనులో ఫారం నింపినవారికి ఐదు నిముషాలకే సెషన్ ముగిసిపోతే ఎలా ఉంటుందో తెలుసు. ఆ సంగతి తెలిసినవారు సెట్టింగులు పెట్టే కుర్చీలో కూర్చుంటే, ఐదు నిముషాలు ముప్పై నిముషాలవుతాయి, సగంలో తెగిన అప్‌లోడు మళ్ళీ అక్కడి నుండే సాగుతుంది. మనవారు ఆ కుర్చీలో ఉండాలని మేము కోరుకోవడానికి ఇదే ప్రధాన కారణం.

ప్రపంచం చెప్పిన మూడు సంగతులు

ఈ పని ఎంత బాధ్యత గలదో చెప్పడానికి మూడు ఉదాహరణలు చూద్దాము.

అమెరికాలో ఆరోగ్య బీమా కోసం ప్రభుత్వం తెరిచిన హెల్త్‌కేర్ డాట్ గవ్ సైటు 2013 అక్టోబర్ 1న ప్రారంభమైంది. అంత డబ్బు, అన్ని కంపెనీలు ఉన్న దేశంలో మొదటి రోజు చివరి వరకు బీమా నమోదు పూర్తి చేసుకోగలిగినవారు ఆరుగురే. వివిధ శాఖల సర్వీసులను కలిపి, నిజమైన రద్దీతో ముందుగా తగినంత పరీక్షించకపోవడం అందుకు ఒక పెద్ద కారణం.

2012 ఆగస్టు 1న నైట్ క్యాపిటల్ అనే అమెరికన్ షేర్ల వ్యాపార సంస్థ కొత్త ప్రోగ్రాంను తన 8 సర్వర్లలో పెట్టవలసి ఉండగా, 7 సర్వర్లలోనే అది చేరింది. ఎనిమిదవ దానిలో మిగిలిపోయిన పాత ప్రోగ్రాం తనంతట తాను షేర్లు కొనడం, అమ్మడం మొదలుపెట్టింది. సుమారు 45 నిముషాలలో 46 కోట్ల డాలర్లకు పైగా నష్టం వచ్చింది. ఆ సంస్థ స్వతంత్రంగా నిలబడలేక మరుసటి ఏడాది మరొక సంస్థలో కలిసిపోయింది. ప్రోగ్రాం రాయడంలో కాదు, దానిని చేరవేయడంలో జరిగిన లోపానికి ఇంత మూల్యం. అందుకే చేతితో ఒక్కొక్క సర్వరుకు కాపీ చేయడం కాకుండా, యంత్రమే అన్నిటికీ ఒకేలా చేర్చి, చేరిందో లేదో సరిచూసి, తేడా వస్తే పాత వెర్షన్‌కు వెనక్కి తెచ్చే పద్ధతి పాటించాలి.

2025 సెప్టెంబర్ 26న దక్షిణ కొరియాలోని దేజాన్ నగరంలో ప్రభుత్వ డేటా సెంటరులో బ్యాటరీల వద్ద నిప్పు అంటుకుంది. 600కు పైగా ప్రభుత్వ సేవలు ఆగిపోయాయి. ఉద్యోగులు తమ పత్రాలు దాచుకొనే జీ-డ్రైవ్ అనే నిల్వలోని 858 టెరాబైట్ల సమాచారానికి వేరేచోట నకలు లేదు. అది కాలిపోయింది. మన పదవ తరగతి మెమో అసలును ఒకచోట, జిరాక్సును ఇంకొకచోట దాచమని అమ్మా నాన్నలు చెప్పే మాటే ఇక్కడ కూడా వర్తిస్తుంది. నకలు అదే గదిలో ఉంటే అది నకలు కాదు.

మన నేల మీదకే వచ్చినప్పుడు

క్లౌడ్ ఇప్పుడు ఎక్కడో దూరదేశంలో లేదు. అమెజాన్ 2016లో ముంబైలో, 2022 నవంబర్‌లో హైదరాబాదులో తన క్లౌడ్ కేంద్రాలను ప్రారంభించింది. హైదరాబాదు కేంద్రానికి 20,761 కోట్ల రూపాయల పెట్టుబడి అని 2020లో ప్రకటించారు. మైక్రోసాఫ్ట్ కూడా హైదరాబాదులో డేటా సెంటర్లు నెలకొల్పుతామని 2022లో ప్రకటించింది. 2025 అక్టోబర్‌లో గూగుల్ విశాఖపట్నంలో ఐదేళ్ళలో 1,500 కోట్ల డాలర్లతో ఏఐ హబ్ కడతామని ప్రకటించింది.

ఆ భవనాలకు భూమి కావాలి, నీరు కావాలి, కరెంటు కావాలి. అవి ఈ ప్రాంతం నుండే వెళతాయి. మరి వాటిలో మన పిల్లలకు ఏ పని దొరుకుతుంది? గేటు దగ్గర కాపలా, తోటపని, శుభ్రం చేసే పని గౌరవమైన పనులే. వాటిని మేము తక్కువ చేయడం లేదు. కాని తరతరాలుగా ఆ పనులు మాత్రమే మన ఇళ్ళకు వస్తున్నాయి. లోపల నడిచే సర్వర్ల మీద పనిచేసే వాటా కూడా మనకు కావాలి. ఆ భవనంలోకి వెళ్ళకుండానే, ఏ ఊరి నుండైనా ఆ సర్వర్ల మీద అప్లికేషన్లు నిలబెట్టే పని చేయవచ్చు. దానికి కావలసింది సిఫారసు కాదు, సాధన.

అడ్డంకులు ఏమిటి

ఇక్కడ కొందరు మిత్రులు వేసే ప్రశ్నలకు సమాధానం చెప్పవలసి ఉంది.

"క్లౌడ్ ఖాతాకు క్రెడిట్ కార్డు అడుగుతున్నారు, మన దగ్గర ఎక్కడిది?" అంటున్నారు. నిజమే. మనకు ఇది మొదటి గోడ. నాన్న డెబిట్ కార్డు గాని, తెలిసినవారి కార్డు గాని పెట్టి ప్రయోగాలు చేయవద్దని మేము గట్టిగా చెబుతున్నాము. ఆపడం మరచిన సర్వరు మీటరు నెలంతా తిరుగుతూనే ఉంటుంది. బడ్జెట్ హెచ్చరిక పెట్టుకున్నా చాలా సందర్భాలలో అది మెయిల్ పంపి ఊరుకుంటుంది గాని, సర్వరును ఆపదు. అజూర్ ఫర్ స్టూడెంట్స్ వంటి పథకం కార్డు అడగకుండా 100 డాలర్ల విలువైన వాడకాన్ని ఇస్తుంది. కాని దానికి కళాశాల పేరుతో ఉన్న మెయిల్ ఐడి కావాలి. ఖర్చు లేని ఆ చిన్న ఐడి లేక మన విద్యార్థులు ఎందరో బయటే ఆగిపోతున్నారు.

"ఉచితంగా దొరికేవి ఉన్నాయి కదా" అని మరికొందరు అంటారు. ఉన్నాయి. కాని ఉచితం ఎవరి చేతిలో ఉంటుందో గుర్తుంచుకోవాలి. విద్యార్థులు విరివిగా వాడిన హెరోకు సంస్థ 2022 నవంబర్‌తో తన ఉచిత పథకాన్ని ఆపివేసింది. కావున ఒక కంపెనీ బటన్లు నొక్కడం నేర్చుకుంటే చాలదు. లైనక్స్, నెట్‌వర్కు, కంటెయినర్, డేటాబేసు, లాగ్ చదవడం అనే మూలాలు నేర్చుకోవాలి. అవి వచ్చినవారు ఏ కంపెనీ క్లౌడ్‌కైనా తమ ట్రంకు పెట్టెను మోసుకుపోగలరు. అమీర్‌పేట కోర్సులు, కంపెనీ సర్టిఫికెట్లు ఆ తరువాత. చేతిలో పని లేకుండా గోడకు సర్టిఫికెట్టు ఉన్నందువల్ల ఇంటర్వ్యూలో రెండవ ప్రశ్నకే ఆగిపోతాము.

"అన్నిటినీ సర్వీసులుగా విడగొట్టడమే ఆధునికమా?" అంటే కాదనే మా అభిప్రాయం. 2023లో అమెజాన్ ప్రైమ్ వీడియోలోని ఒక బృందం, వీడియో నాణ్యతను కనిపెట్టే తమ సాధనాన్ని చిన్న చిన్న భాగాల నుండి తిరిగి ఒకే అప్లికేషనుగా కలిపి, ఖర్చును 90 శాతం తగ్గించుకున్నట్లు తెలిపింది. ఇరవైమందికి వంట చేయడానికి ఆరుగురు వంటవారు అక్కరలేదు. ముందు ఒకటిగా కట్టి, నిజంగా ఇరుకు వచ్చినచోటే విడదీయడం తెలివైన పని.

"ఇప్పుడు కృత్రిమ మేధే అన్నీ రాసిపెడుతోంది కదా, మనం నేర్చుకోవడం ఎందుకు?" అని ఈ మధ్య ఎక్కువగా వినిపిస్తోంది. అది కాన్ఫిగరేషన్ ఫైలు రాసిపెడుతుంది, మంచిదే. మేము కూడా వాడుతున్నాము. కాని అది రాసినది సరైనదో కాదో తెలియాలంటే మనకు విషయం తెలియాలి. తెల్లవారుజామున మూడు గంటలకు సర్వీసు పడిపోయినప్పుడు ఫోను మోగేది మనిషికే, జవాబు చెప్పవలసినదీ మనిషే.

మా ప్రతిపాదన

కోట్లు ఖర్చు పెట్టి ల్యాబు కట్టమని మేము అడగడం లేదు. కార్యాలయాలలో మూలన పడి ఉన్న పాత కంప్యూటర్లలో నాలుగు జీబీ ర్యామ్ ఉన్నవి రెండు ఇప్పిస్తే చాలు. వాటిలో లైనక్స్, డాకర్ వేసుకుంటాము. రెండూ ఉచితంగానే దొరుకుతాయి. కరెంటు పోయినప్పుడు నిలబడడానికి ఒక చిన్న యూపీఎస్ కావాలి. అదే మన హాస్టల్ సొంత క్లౌడ్.

దాని మీద మన హాస్టల్‌కే పనికివచ్చే ఒక చిన్న అప్లికేషను నిలబెడదాము. రేపు ఎంతమంది ఊరికి వెళుతున్నారో ముందు రోజు సాయంత్రమే తెలిస్తే మెస్సులో అన్నం వృథా కాదు. కుళాయి పాడైంది, ఫ్యాను తిరగడం లేదు అని రాసుకొనే ఫిర్యాదుల పట్టిక. గ్రంథాలయంలో ఏ పుస్తకం ఎవరి దగ్గర ఉందో చూపే జాబితా. మొదట ఈ మూడింటినీ ఒకే ప్రోగ్రాంగా కట్టాలి. తరువాత ఫోనుకు సమాచారం పంపే పనిని వేరే సర్వీసుగా విడదీయాలి. ఒక కంప్యూటరును కావాలనే ఆపివేసి, రెండవది పని అందుకుంటుందో లేదో చూడాలి. వారానికొకసారి డేటా నకలును వేరేచోట దాచడమే కాదు, ఆ నకలు నుండి తిరిగి నిలబెట్టి కూడా చూడాలి. ఇదంతా వచ్చిన తరువాత అదే పెట్టెను ఏదైనా పెద్ద క్లౌడ్ మీదకు మార్చి చూడాలి.

ఇందులో ఒక నియమాన్ని తప్పక పాటించాలి. సాధన కోసం కట్టే అప్లికేషనులో తోటి విద్యార్థుల ఆధార్ నంబర్లు, కుల ధ్రువపత్రాలు, బ్యాంకు ఖాతాలు పెట్టరాదు. మన కులం, మన ఆదాయం, మన ఫొటో ఊరందరికీ కనిపించే చోట పడితే ఎవరికి నష్టమో మనకు వేరుగా చెప్పనక్కరలేదు. వ్యక్తిగత సమాచార రక్షణకు 2023లో చట్టం కూడా వచ్చింది. పేరు, గది నంబరుతో పని జరిగేచోట అంతకు మించి ఒక్క అక్షరం కూడా అడగకూడదు. రేపు పెద్ద ప్రభుత్వ సైటును నడిపే స్థానానికి వెళ్ళినప్పుడు ఈ అలవాటే వేలాదిమందిని కాపాడుతుంది.

కావున మేము కోరేవి మూడు. వార్డెన్ గారిని, అధికారులను రెండు పాత కంప్యూటర్లు, నిలకడైన నెట్ కనెక్షను ఇప్పించమని కోరుతున్నాము. కళాశాలల వారిని ప్రతి విద్యార్థికి సంస్థ పేరుతో మెయిల్ ఐడి ఇవ్వమని, ఫైనల్ ఇయర్ ప్రాజెక్టును నెల రోజులపాటు నిజమైన వాడుకదారుల చేత నడిపించి చూపినవారికే పూర్తి మార్కులు వేయమని కోరుతున్నాము. ఇక్కడ చదివి ఇప్పుడు ఉద్యోగాలలో ఉన్న పూర్వ విద్యార్థులను నెలలో ఒక్క ఆదివారం వచ్చి, తమ పనిలో సర్వీసు పడిపోయినప్పుడు ఏ లాగ్ చూశారో, ఏం చేశారో చెప్పమని కోరుతున్నాము. ఉపన్యాసం అక్కరలేదు, పక్కన కూర్చుని చూపిస్తే చాలు.

తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు కూడా ఒక మాట. ఇంగ్లీషు సరిగా రాదని, ల్యాప్‌టాప్ లేదని వెనుకడుగు వేయకండి. ఎర్రర్ మెసేజీలోని ఇంగ్లీషు చాలా చిన్నది, పది రోజులు చదివితే అలవాటవుతుంది. ఒక కంప్యూటరు ముందు నలుగురు కూర్చుని వంతులవారీగా నేర్చుకున్నా నేర్చుకోవచ్చు. వచ్చే ఏడాది ఈ సంచిక వెలువడే నాటికి మన మెస్సు లెక్క మన సర్వరు మీదనే నడవాలి. దానిని చూసుకొనే వంతుల పట్టిక నోటీసు బోర్డు మీద ఉండాలి. ఆ పట్టికలో మొదటి వారానికి మా పేర్లు రాసుకోవడానికి మేము సిద్ధంగా ఉన్నాము. రెండవ వారానికి ముందుకు వచ్చేవారి కోసం ఎదురుచూస్తున్నాము.